మంచిర్యాల మసక లెన్సు

పాత కెమెరా లెన్సు మీద పేరు చెక్కి ఉంటే దాన్ని గుర్తుపట్టడానికి ప్రత్యేకంగా ఒక మనిషి అక్కర్లేదు. పేరు చదివి, పక్కనున్న అంకెలు చదివి ఎవరైనా చెప్పేస్తారు. పేరు లేనివి, పేరు అరిగిపోయినవి, ఎవరో ఏదో ఒక పనికోసం చేయించుకుని ఆ పని మాయమయ్యాక మూలన పడేసినవి ఉంటాయి. వాటి కోసమే నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు. మూడేళ్లు ఆ పని చేశాను. పాప పుట్టిన రెండో ఏడు మానేశాను. రిటైరైన పెద్దవాళ్లు రాసుకునే జ్ఞాపకాలను ముప్పై ఒకటో ఏటనే రాయడం కాస్త నవ్వులాటగానే ఉంది. కానీ నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "అక్కా, పేరు లేని లెన్సు వస్తే మొదాలు ఏం చూడాలె?" అని అడిగింది. పాపకు జలుబు చేసి ఉంది, నా ధ్యాసంతా దాని ఊపిరి మీదే. నోటికొచ్చింది చెప్పి పెట్టేశాను. ఇప్పుడది నిద్రపోయింది కనక సరైన జవాబు రాస్తున్నాను. ఆ అమ్మాయికే కాదు, ఈ పనిలోకి రాబోయే అందరికీ.

మా దుకాణం కరీంనగర్‌లో, ఒక మందుల షాపు మీది అంతస్తులో ఉండేది. యజమాని ఒకప్పుడు పెళ్లిళ్ల వీడియోలు తీసినవాడు. మూతపడిన స్టూడియోల సామాను కొని ఇంటర్నెట్‌లో అమ్మడం మొదలుపెట్టాడు. అందులో ఎక్కువ గిరాకీ ఉన్నవి పెద్ద చెక్క కెమెరాలూ వాటి ఇత్తడి లెన్సులూ. పిల్లల పలక అంత గాజు పలకో ఫిల్మో పెట్టి, ఫోటోగ్రాఫరు నల్ల బట్ట కప్పుకుని, వెనకనున్న గరుకు అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను చూసుకుని తీసే కెమెరాలు అవి. పుణె, బెంగళూరు లాంటి చోట్ల ఇప్పుడు మళ్లీ వాటితో ఇష్టంగా ఫోటోలు తీసేవాళ్లు ఉన్నారు.

నేను చదివింది భౌతికశాస్త్రం. ఇంటర్వ్యూ అంటే, ఆయన ఒక లెన్సు నా చేతిలో పెట్టి, "దీంట్ల ఎన్ని గాజులున్నయో విప్పకుండ చెప్పు చెల్లె" అన్నాడు. నేను సెల్‌ఫోన్ టార్చి వేసి, లోపల మెరిసే చుక్కలు లెక్కపెట్టాను. గాజు ముఖం ప్రతిదీ ఒక వెలుగు చుక్కను తిప్పి కొడుతుంది. రెండు గాజులు జిగురుతో అతికి ఉంటే ఆ అతుకు దగ్గర చుక్క వెలవెలబోతుంది. ముందు రెండు అతికినవి, వెనక రెండు విడివిడివి, మొత్తం నాలుగు అని చెప్పాను. ఆయనకు ఆ ఉపాయం తెలియదట. తెలియదని చెప్తానేమో చూద్దామని అడిగాడట. ఉద్యోగం ఇచ్చి ఒకే ఒక్క నియమం చెప్పాడు. "లెన్సు విప్పొద్దు. మనది కానిదైతే అసలే విప్పొద్దు."

ఆ మూడేళ్లలో నా బల్ల మీదికి ఏమేం వచ్చాయో చెప్తే నమ్మరు. హుస్నాబాద్‌లో ఒక స్టూడియో నుంచి ఒకే చెక్కలో నాలుగు చిన్న లెన్సులు బిగించిన పలక వచ్చింది. సాలెపురుగు కళ్లలా ఉన్న ఆ నాలుగింటికి ఏం పనో రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. చివరికి ఆ స్టూడియో ఆయనే ఫోన్‌లో చెప్పాడు, దుబాయి పోయేవాళ్ల పాస్‌పోర్టు ఫోటోలకు, ఒక్క దెబ్బకు నాలుగు. పెళ్లి పత్రికలు అచ్చు వేసే ప్రెస్సు నుంచి మూతి మీద పట్టకం అతికించిన లెన్సు వచ్చింది. బ్లాకు మీద అక్షరాలు తిరగబడి ఉండాలి కాబట్టి ఫోటోనే తిరగేసి తీసేది అది. ఆదిలాబాద్ వైపు ఒక చర్చి కుటుంబం పంపిన ఇత్తడి లెన్సును నేను ఫోటోలు తీసేదని రాస్తే, ఆ ఇంటి పెద్దావిడ నవ్విందట, "ఫోటోలు తీసేది కాదు, ఊర్లల్ల గోడ మీద బొమ్మలు చూపెట్టేది. మా మామ ఎడ్లబండిల ఏసుకొని తిరిగేటోడు" అని. నిజమే. ఫోటో తీసే లెన్సుకు వెలుతురు తగ్గించడానికి రంధ్రమున్న రేకు దోపే సందు ఒకటి పక్కన ఉంటుంది. బొమ్మలు చూపే దానికి ఆ సందు ఉండదు. అది చూడనే లేదు నేను.

ఇలా తప్పులు చేసి నేర్చుకున్నాననే అనుకున్నాను. మంచిర్యాల లెన్సు వచ్చేదాకా.

మంచిర్యాలలో రైల్వే స్టేషన్‌కు దగ్గరలో ఒక పాత స్టూడియో. ముందు సగం జిరాక్సు షాపుకు కిరాయికి ఇచ్చారు. వెనక సగంలో పైకప్పుకు ఉత్తరం వైపు గాజు పలకలు, గోడకు ఆకులూ స్తంభాలూ గీసిన పాత తెర, దాని ఎదురుగా దుప్పటి కప్పిన పెద్ద కెమెరా. ఎనభై దాటిన ఫోటోగ్రాఫరు, ఆయన భార్య ఆ వెనక సగంలోనే ఉంటారు. నేను ఆయన్ను తాతా అని, ఆమెను అవ్వా అని పిలిచాను. యజమాని, నేను కలిసి మొదటిసారి వెళ్లినప్పుడు తాత దుప్పటి తీస్తూనే తీర్పు చెప్పేశాడు.

"లెన్సు పోయింది బిడ్డా. ముప్పై ఏండ్లాయె. మొఖాలు పొగల ఉన్నట్టు వస్తయ్."

"పోయినదాన్ని గిన్నేండ్లు ఎందుకు దాసినవ్ మరి?" అని లోపల్నుంచి అవ్వ. "ఎలుకలు పిల్లల్ని వెట్టినయ్ దాంట్ల."

"ఎలుకలకు గూడ మంచి వెలుతురు గావాలె గదా," అన్నాడు తాత.

లెన్సు చూస్తే నా చేతులు ఆగలేదు. రెండు పిడికిళ్లంత లావు ఇత్తడి గొట్టం, పక్కన ముందుకూ వెనక్కూ జరపడానికి పళ్ల చక్రం. కానీ ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

"దీని మీద పేరేం ఉండె తాతా?"

"ఇంగ్లీషు అక్షరాలు ఉండె. ఏడాదికోపారి దసరాకు చింతపండు వెట్టి తోమితే ఎన్నేండ్లుంటయ్? మా అమ్మ చెంబు మీద పేరు గూడ గట్లనే పోయె."

కెమెరా వెనక నల్ల బట్టలో దూరాను. గరుకు అద్దం మీద యజమాని ముఖం తలకిందులుగా పడింది. చుట్టూ వెలుగు పొగ. నుదురు మెరుస్తోంది, కళ్లు ఎక్కడున్నాయో సరిగ్గా తెలియడం లేదు. ముందుకు జరిపినా వెనక్కి జరిపినా అంతే. టార్చి వేసి చూస్తే గాజులు శుభ్రంగా ఉన్నాయి. బూజు లేదు, గీతలు లేవు. వెనక గాజును పట్టి ఉంచే రింగు మాత్రం వదులుగా, అటూ ఇటూ తిరుగుతోంది.

కావాలనే మసకగా చేసిన లెన్సులు కొన్ని ఉంటాయని చదివి ఉన్నాను. ముఖాలు మెత్తగా కనబడాలని చేసినవి. వాటిలో కొన్నింటికి వెనక గాజును కొద్దిగా తిప్పితే మసక పెరిగేలా ఏర్పాటు ఉంటుంది. వదులుగా తిరిగే ఆ రింగు అదే అనుకున్నాను. అలాంటిది మా దుకాణానికి అంతవరకూ రాలేదు.

"తాతా, గిది పోలే. దీన్ని చేసుడే గిట్ల చేసిండ్రు," అన్నాను.

"మసకగ వచ్చేతందుకు లెన్సు కొంటరా ఎవలన్న?"

"కొంటరు. మొఖం మీద ముడుతలు కనవడకుండ."

"గట్లయితే నాకోటి గావాలె," అంది అవ్వ.

తాత నవ్వలేదు. "మరి అంతకు ముందు ఏండ్లకేండ్లు దీంతోనే కొట్టిన గదా బిడ్డా. మంచిగనే వచ్చె."

"సందుల చిన్న రంధ్రం రేకు వెడితే మంచిగ వస్తది తాతా. రేకు తీస్తే మసక. దాని గుణమే గది."

ఆయన ఏదో అనబోయాడు. మా యజమానిని చూశాడు, నన్ను చూశాడు. "సదువుకున్నోళ్లు. మీకు ఎరుకుంటది," అని ఊరుకున్నాడు. దాన్ని నేను మెచ్చుకోలు అనుకున్నాను.

దుకాణానికి వచ్చి వివరాలు రాశాను. అరుదైన మసక లెన్సు, ముఖచిత్రాలకు, వెనక రింగుతో మసక సర్దుబాటు. ఫోటోలు పెట్టిన రోజునే పుణె నుంచి ఒకాయన తనకే కావాలన్నాడు. యజమాని రెండు రోజులు నన్ను "చెల్లె" అనడం మానేసి "మేడం" అన్నాడు.

లెన్సు తీసుకురావడానికి మాత్రం నేనొక్కదాన్నే వెళ్లాల్సి వచ్చింది. యజమానికి పెద్దపల్లిలో చుట్టాల ఫంక్షన్. మా అత్తమ్మ బాసరలో ఎవరి పిల్లాడికో అక్షరాభ్యాసమని వెళ్లింది. ఎనిమిది నెలల పాపను వెంట తీసుకుపోవడం తప్పలేదు. పాలసీసా, వేడినీళ్ల ఫ్లాస్కు, నాలుగు జతల బట్టలు, రెండు థర్మామీటర్లు పెట్టుకున్నాను. ఒకటి తప్పు చూపిస్తే ఇంకొకటి ఉండాలని. ఆ సంచీలో లెన్సు పట్టే చోటే లేదని మంచిర్యాలలో బస్సు దిగాక గానీ గుర్తించలేదు.

అవ్వ గుమ్మంలోనే పాపను లాక్కుంది. పాప ఏడుస్తుందేమోనని నేను చేతులు చాచే ఉన్నాను. అది ఆమె ముక్కుపుల్ల పట్టుకుని ఆడుకోవడం మొదలుపెట్టింది.

"జర కూసో. నీ పిల్లను నేను తినను," అంది నాతో.

తాత లెన్సును కెమెరా నుంచి విప్పి, తువ్వాలలో చుట్టి సిద్ధంగా పెట్టాడు. పక్కనే ఒక అట్టపెట్టె. "గివి గూడ చూడు బిడ్డా. తీస్కపోయేటాయనకు చెప్పు, గిది ఒకప్పుడు ఏం పని చేసిందో."

పెట్టె నిండా ఫోటోలు. బొగ్గుబావి కార్మికులు, వాళ్ల భార్యలు, కొత్త చొక్కాల్లో బిగుసుకుపోయిన పిల్లలు. నా భూతద్దం తీసి ఒక కార్మికుడి ముఖం మీద పెట్టాను. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా లెక్కపెట్టొచ్చు. చెంప మీద బొగ్గు పెళ్ల తగిలి మానిన గాయం, దానిలో మిగిలిపోయిన నల్లటి గీత కూడా ఉంది. ముఖం అంత స్పష్టం. కానీ వెనక తెర మీద గీసిన ఆకులు మాత్రం అంచుల్లో గుండ్రంగా సుడి తిరిగినట్టు ఉన్నాయి. ఇంకో ఫోటో చూశాను. అదే సుడి. ఇంకోటి. అదే.

ఇలాంటి పాత లెన్సులు ఆ సుడిని వేస్తాయి. కానీ రంధ్రం రేకు పెడితే అది దాదాపు కనబడదు. పూర్తిగా తెరిచి తీసినప్పుడే అంత బాగా వస్తుంది. నా లెక్క ప్రకారం పూర్తిగా తెరిస్తే ఈ లెన్సు మసకగా తీయాలి.

"తాతా, గీ ఫోటోకు ఏ రేకు వెట్టినవ్?"

"ఏం రేకు?"

లెన్సు పక్కనున్న సందు చూపించాను. దాని చుట్టూ నల్ల టేపు చుట్టి ఉంది. మొదటిసారి వచ్చినప్పుడు ఆ టేపు చూశాను కూడా. దుమ్ము పోకుండా అనుకున్నాను.

"గందుల పెట్టేటియా. అవి నేను కొన్ననాడే లెవ్వు. బల్లార్షాల మరాఠాయన దగ్గర కొన్న. ఆయన దగ్గర గూడ లెవ్వు. రేకు మొఖం నేనెన్నడు చూడలే."

అంటే ఈ లెన్సు ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంది. అలాగే ఈ వెంట్రుకలన్నీ తీసింది. ఇది మసక లెన్సు కానే కాదు. మామూలు ముఖచిత్రాల లెన్సు, దానికేదో అయింది.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలే తాతా?"

"నువ్వు అడుగలే బిడ్డా," అన్నాడు ఆయన. కోపం లేదు. "నువ్వు చెప్పినవ్, నేను ఇన్న."

మొన్న ఫోన్ చేసిన అమ్మాయికి నేను ఇవ్వాల్సిన జవాబు ఇదే. గాజుల లెక్క, ఇత్తడి రంగు, సందు, రింగు, అన్నీ తర్వాత. ముందు దాన్ని వాడిన మనిషి ఎవరైనా బతికున్నారేమో చూడు. ఉంటే అడిగి ఊరుకో. మనకు తెలిసినది వాళ్ల నోటికి అడ్డం పెట్టకు. నేను చెప్పిన కథ తప్పు మాత్రమే కాదు, అందులో ఆయన ఏళ్ల పనికి కూడా నేనే ఒక కారణం అంటగట్టాను. రేకు వల్ల మంచిగ వచ్చిందని. ఆయన చేతి వల్ల కాదన్నట్టు.

"ఎప్పటి సంది పాడైంది?" అని అడిగాను. ఈసారి నోరు మూసుకుని విన్నాను.

చెప్పాడు. ఏటా దసరాకు కత్తికీ నాగలికీ చేసినట్టే ఆయన కెమెరాకు పూజ చేసేవాడు. ముందురోజు లెన్సు విప్పి, గాజులన్నీ వరసగా బట్ట మీద పేర్చి, కడిగి, తుడిచి, మళ్లీ అదే వరసలో బిగించి, ఇత్తడికి పసుపు కుంకుమ పెట్టేవాడు. ఒక ఏడు దసరాకు ముందు కంటికి పొర వచ్చి ఆపరేషన్ అయింది. కట్టుతో వరంగల్‌లో పడుకుని ఉన్నాడు. ఆ యేడు పూజ తప్పింది. ఇంటికి వచ్చి మొదటి ఫోటో తీస్తే ముఖం మీద పొగ.

"మొదాలు నా కన్నే అనుకున్న. డాక్టరు కన్ను మంచిగున్నదన్నడు. మల్ల తీసిన, గట్లనే. ఒకామె ఫోటో తెచ్చి నా బల్ల మీద వడేసి, పెండ్లి సంబంధానికి గీ పొగ మొఖం ఎట్ల వంపుత అన్నది. ఇగ గప్పటి సంది దీన్ని విప్పనే లే. పూజ తప్పింది, పోయింది అనుకున్న. చిన్న కెమెరాలు కొన్న. గవి ఎవలైన కొడుతరు."

నాకు ఒకటే అనుమానం. "తాతా, దీన్ని విప్పొచ్చా?"

అడిగింది నా నోరే గానీ వినిపించింది మా యజమాని గొంతు. విప్పొద్దు, మనది కానిది అసలే విప్పొద్దు. ముప్పై ఏళ్లుగా ఎవరూ విప్పని ఇత్తడి మర. గాజు అంచు పెచ్చు ఊడితే పుణె ఆయనకూ పనికిరాదు, తాతకూ పనికిరాదు.

"ఎట్లైన పోయేదే గదా. విప్పు," అన్నాడు తాత. లోపలికి వెళ్లి పాత సైకిల్ ట్యూబు ముక్క తెచ్చి ఇచ్చాడు, పట్టు జారకుండా. ఆ ముక్కతోనే ఆయన ఒకప్పుడు విప్పేవాడట.

వెనక రింగు తేలిగ్గానే వచ్చింది. అది పూర్తిగా బిగిసి ఉంటే కదా. రెండు గాజులు, మధ్యలో సన్నటి ఇత్తడి కడియం. మూడింటినీ తువ్వాల మీద పెట్టాను. గాజు అంచులు గరుకుగా ఉంటాయి. చేసినవాళ్లు వాటి మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకునేవాళ్లు, ఏ ముఖం ముందుకు ఉండాలో. మొదటి గాజు అంచున బాణం గుర్తు, ముందుకు. రెండో గాజు తీసిన తీరుగానే పట్టుకుని చూశాను. బాణం వెనక్కి.

"తాతా, గీ గాజు తిరగబడి ఉన్నది. లెన్సు పోలే. ఎవలో తిప్పి పెట్టిండ్రు."

ఆయన రెండు గాజులూ కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. చాలాసేపు. "నేనే పెట్టిన కావచ్చు," అన్నాడు.

"నువ్వు కాదు," అంది అవ్వ.

పాపను ఊపుతున్న కాలు ఆగిపోయింది. ఆమె మమ్మల్ని చూడకుండా పాప తల నిమురుతూ చెప్పింది.

"గా యేడు పూజ తప్పలే. నువ్వు దవాఖానల ఉంటివి. పూజ తప్పితే నీ కంటికి ఏమైతదో అని నేనే విప్పిన. నువ్వు పేర్చినట్టే పేర్చిన. కడిగిన, తుడిచిన. పసుపు వెట్టిన. కొబ్బరికాయ గూడ కొట్టిన."

"మరి చెప్పవైతివి."

"నువ్వు వచ్చినంక చెప్దామనుకున్న. ఫోటోలు పాడైనయ్. ఇగ చెప్పబుద్ధి గాలే."

నాకు అక్కడ్నుంచి లేచి పోవాలనిపించింది. రింగును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ కూర్చున్నాను.

"ముప్పై ఏండ్లు," అన్నాడు తాత. ఇంకొకసారి అన్నాడు. "పూజ తప్పిందని నేను ఎన్ని మొక్కులు మొక్కిన్నే."

"నాకు ఎరుక లేదా. వెంట నేను రాలేదా అన్నిటికి."

ఆయన మొహం ఎటు తిరుగుతుందో నాకు అర్థం కాలేదు. చివరికి నా వైపు తిరిగింది. "పెట్టు బిడ్డా. బాణం ఎటు ఉండాల్నో అటు పెట్టు."

గాజు తిప్పి పెట్టాను. దాని మీద కడియం, ఇంకో గాజు, రింగు. ఈసారి గాజు సరిగ్గా కూర్చోవడంతో రింగు చివరిదాకా పోయి, ఠక్కున ఆగింది. కదపబోతే కదల్లేదు. దాన్ని కెమెరాకు బిగించింది మాత్రం ఆయనే.

"గక్కడ కూసో," అన్నాడు అవ్వతో, తెర ముందున్న కుర్చీ చూపించి. ఆమె పాపను ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. ఆయన నల్ల బట్టలో దూరాడు. పళ్ల చక్రం కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కి తిరిగింది, ఆగింది. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఏమైంది? నిద్రపోయినవా?" అంది అవ్వ.

నల్ల బట్ట లోపల్నుంచి గొంతు వచ్చింది. "నీ గదుమ మీద గా మచ్చ ఎప్పటిది?"

"పదేండ్లాయె. రోజు చూస్తలేవా?"

"చూస్తున్న. గిట్ల కాదు."

యజమానికి ఫోన్ చేశాను. నా పొరపాటు ఇదీ, జరిగింది ఇదీ అని మొత్తం చెప్పాను. పాప నా కొంగు పట్టుకుని లాగుతుంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టాల్సి వచ్చింది. ఆయన అన్నాడు, "చెల్లె, పుణె ఆయన మసకనే గావాల్నని అడిగిండు. మల్ల తిప్పి పెట్టు. ఎట్లుండెనో అట్ల. లాసేమున్నది?"

తాత అంతా విన్నాడు. "తప్పు పెట్టినదానికి గిరాకీ ఉన్నది, ఒప్పు పెడితే లేదా?" అని నన్నే అడిగాడు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని.

"ఉంటది తాతా. గని గంత కాదు," అన్నాను. ఆపైన ఏమీ చెప్పకూడదనుకున్నాను. ఒకసారి చెప్పి చూసినదాన్నే కదా. "నీ లెన్సు. ఎట్ల పెట్టమంటె అట్ల పెడత. అమ్ముతనంటె తీస్కపోత, వద్దంటె ఉత్తగనే పోత."

ఆయన అవ్వను చూడలేదు. కెమెరా ముందుకు నడిచి, లెన్సు మూత పెట్టి, దాని మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు.

"పిల్లతోని గింత దూరం వచ్చినవ్. నిన్ను ఉత్తగ పంపుడు నాకు బుద్ధైతలేదు," అన్నాడు. "గని లెన్సు ఇయ్యను."

తువ్వాల మాత్రం మడిచి నా సంచీలో పెట్టాడు, పాపకు పక్క కింద వేసుకొమ్మని.

యజమాని మూడు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. పుణె ఆయనకు మాత్రం ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. ఆ మాట చెప్పి తీరాలి, చాలామంది చెప్పరు. నాలుగో రోజు అలమారలోంచి ఫోటో కాగితాల పొట్లం, కడిగే మందు పొడులు తీసి నా బల్ల మీద పెట్టి, "కొనేతందుకు పోయినోళ్లం అమ్మేతందుకన్న పోదాం" అన్నాడు. ఆ ఆదివారం ఇద్దరం వెళ్లాం. పాప మళ్లీ నా వెంటే. ఈసారి ఒక్క థర్మామీటరే తీసుకెళ్లాను.

ఫిల్ము బదులు ఆ కాగితమే కెమెరాలో పెట్టి, దాని నుంచి ఇంకో కాగితం మీద ఫోటో దించాలని అనుకున్నాం. కాగితానికి వెలుతురు ఎక్కువ కావాలి. మూత తీసి రెండు లెక్కపెట్టేదాకా ఎదుటి మనిషి కదలకూడదు. తాత ఆ సంగతి అవ్వకు మూడుసార్లు చెప్పాడు. ఆమె గళ్ల చీర కట్టుకుని, తల దువ్వుకుని, ఊపిరి కూడా బిగబట్టి కూర్చుంది. ఆయన నల్ల బట్టలో చూసుకున్నాడు, కాగితం పెట్టాడు, ముందుకు వచ్చి మూత మీద చేయి వేశాడు.

మూత తీశాడు. "ఒకటి."

"తీసినవా?" అంది అవ్వ.

"రెండు," అన్నాడు ఆయన, మూత పెట్టేస్తూ.

ఎర్ర బల్బు కింద కడిగి, ఇంకో కాగితం మీదికి దించి, తడి ఫోటోను కిటికీ దగ్గరికి తెచ్చాం. మెడలో నల్లపూసలు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. చీర గళ్లలో దారం అల్లిక తెలుస్తోంది. వెనక తెర మీద ఆకులు సుడి తిరుగుతున్నాయి. ముఖం మాత్రం రెండుగా ఉంది. ఒకటి నోరు మూసి, ఒకటి నోరు తెరిచి.

తాత నా భూతద్దం తీసుకుని ఒక్కో పూసనూ చూశాడు. "లెన్సు మంచిగున్నది," అన్నాడు.

"కాగితాలు ఇంక ఉన్నయ్ తాతా," అన్నాను. "అవ్వను కదలకుండ కూసోమని ఇంకోటి తీద్దాం."

"వద్దు," అన్నాడు ఆయన, ఫోటోను తీగ మీద ఆరేస్తూ. "నోరు మూసుకొని కూసుంటే, చూసినోళ్లు ఎవలో అనుకుంటరు."